ఏడో తరగతిలో ఆడిన పాట ఇప్పుడు వేరేలా ఎందుకు వినిపిస్తుంది?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ఒకసారి చెప్పుకొని మొదలుపెడతాను. మీరు కావలిలో 1996–97లో ఏడో తరగతి చదివారు. ఆ ఏడు బడి వార్షికోత్సవంలో మీరూ, మరో ఏడుగురు ఆడపిల్లలూ కలిసి ‘ముక్కాల ముకాబులా’ పాటకూ, దాని వెంటనే మాటలు ఎవరికీ తెలియని ఒక విదేశీ పాటకూ డాన్సు చేశారు. వచ్చే సంక్రాంతికి ఆనాటి విద్యార్థులంతా కలుసుకుంటున్నారు కనుక ఆ రెండు పాటలనూ అక్కడ వినిపించాలనుకున్నారు. తీరా ఫోనులో వెతికి వింటే అవి మీరు ఆడిన పాటల్లా లేవు. నెమ్మదిగా, బరువుగా, ఎన్నడూ వినని వాయిద్యాలతో ఉన్నాయి. జ్ఞాపకం తప్పా, పాట మారిందా అన్నది మీ మొదటి సందేహం. వెనక వరుసలో చివరన నిలబడి ఆడిన మూడున్నర నిమిషాల పాటకు ఇన్నేళ్ళ తరువాత కళ్ళనీళ్ళు ఎందుకు వస్తున్నాయన్నది రెండోది.

నేను కావలి ట్రంకు రోడ్డుకు ఆనుకొని ఉన్న ఒక సందులో 1986 నుంచి 2004 దాకా పాటల రికార్డింగు షాపు నడిపాను. జనం చీటీ మీద పాటలు రాసుకొచ్చి ఇస్తే ఖాళీ క్యాసెట్టులోకి వరుసగా ఎక్కించి మరునాటి సాయంత్రానికి ఇవ్వడం మా పని. చట్టం ప్రకారం అది తప్పే. ఈ వయసులో దాన్ని దాచిపెట్టడం ఎందుకు. తోడుగా ఒక మైకుసెట్టు అద్దెకు ఇచ్చేవాణ్ణి. సంక్రాంతి వెళ్ళిన దగ్గర నుంచి మార్చి మొదటి వారం దాకా బడుల వార్షికోత్సవాలు జరిగేవి. మాకు అవే పెళ్ళి ముహూర్తాలు. మీ బడి క్యాసెట్టు నా షాపులోనే తయారైందని అనను గానీ, అది తయారైన తీరు మాత్రం నాకు తెలుసు, ఎందుకంటే ఆ రోజుల్లో ఒంగోలు నుంచి సూళ్ళూరుపేట దాకా ఈ పని చేసేవాళ్ళందరం ఒకే తీరుగా చేశాం.

మీ జ్ఞాపకం తప్పు కాదు. సినిమా కోసం మద్రాసులో రికార్డు చేసిన పాట ఒకటి, మీరు కావలిలో ఆడిన పాట మరొకటి. ఫోనులో మీకు దొరికినది మొదటిది. మీరు వెతుకుతున్నది రెండోది, అది ఏ కంపెనీ విడుదల చేసినదీ కాదు కనుక ఎంత వెతికినా దొరకదు. ఒకదాని నుంచి మరొకటి ఎట్లా పుట్టిందో చెబితే మీరు విన్న తేడాలు ఒక్కొక్కటీ వాటి చోట్లలో కూర్చుంటాయి.

ముందు వేగం సంగతి. ఫిలిప్స్ వారు 1963లో తెచ్చిన ఈ చిన్న క్యాసెట్టులో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి. నడిపేది ఒక చిన్న మోటారు. మోటారుకూ టేపును లాగే కడ్డీకీ మధ్య ఒక రబ్బరు బెల్టు ఉంటుంది. రోజుకు పది పన్నెండు గంటలు తిరిగే షాపు డెక్కులో, అంటే క్యాసెట్టు ఎక్కించే యంత్రంలో, ఆ బెల్టు సాగిపోతుంది, సాగిన బెల్టు జారుతుంది, టేపు నెమ్మదిస్తుంది. షాపులో కూర్చున్న మాకు అది తెలిసేది కాదు, ఎందుకంటే మేము ఏ డెక్కు మీద ఎక్కించామో ఆ డెక్కు మీదనే వేసి సరిచూసుకొనేవాళ్ళం. తప్పుకు తప్పు సరిపోయి పాట సరిగ్గానే వినిపించేది. ఆ క్యాసెట్టును బడిలో కొత్తగా కొన్న టేప్‌రికార్డరులో వేసినప్పుడు పాట పరుగెత్తేది, గొంతు సన్నబడేది. వేగం నూటికి ఆరు పాళ్ళు పెరిగితే శ్రుతి అరమెట్టు పైకి లేస్తుంది, అంటే ఒకటో శ్రుతిలో పాడిన పాట ఒకటిన్నరలో పలుకుతుంది. అయిదు నిమిషాల పాట పదిహేడు సెకన్ల ముందే అయిపోతుంది. వినేవారికి ఇది పెద్ద తేడాగా తోచకపోవచ్చు. నెల రోజులు మధ్యాహ్నం పూట ఆ వేగానికే కాళ్ళు వేసిన పిల్లకు మాత్రం పాటంటే ఆ వేగమే. ఈ రోజు ఫోనులో సరైన వేగంతో విన్నప్పుడు అది ఈడ్చుకుంటూ పోతున్నట్టు అనిపించడంలో వింత లేదు. (దీనికి తలకిందుల అనుభవం కూడా కొందరికి ఉంటుంది. కరెంటు లేనప్పుడు బ్యాటరీ సెల్లులతో రిహార్సలు చేసిన బడుల్లో సెల్లులు అయిపోవస్తుంటే పాట ఏడ్చినట్టు సాగేది, పిల్లలూ దానికి తగినట్టు సాగేవారు.)

తరువాతిది మైకుసెట్టు. మాది అహూజా యాంప్లిఫైయరు, రెండు బాకాలు. మనిషి మాట నాలుగు వీధుల అవతలికి స్పష్టంగా వినిపించడానికి చేసిన సాధనం బాకా. సుమారు మూడు నాలుగు వందల హెర్ట్జ్‌లకు కింద ఉన్న మందమైన ధ్వనిని అది దాదాపుగా పలకదు. మీరు ఆడిన పాట 1994లో శంకర్ తీసిన ‘ప్రేమికుడు’ సినిమాలోది, ఏ.ఆర్. రెహమాన్ కట్టినది. ఆ సంగీతంలో ప్రాణమంతా కింది ధ్వనిలో, గుండె మీద తట్టే ఆ దెబ్బలో ఉంటుంది. మా బాకాల్లో అది పూర్తిగా మాయమై, మనో, స్వర్ణలతల గొంతులూ, పైస్థాయి తాళాలూ మాత్రమే మిగిలేవి. ఇంకో అన్యాయం కూడా చేశాం. స్టీరియో పాటలో కొన్ని వాయిద్యాలను ఎడమ వైపుకూ, కొన్నింటిని కుడి వైపుకూ సర్ది పెడతారు. మేము టేప్‌రికార్డరు నుంచి యాంప్లిఫైయరుకు వెళ్ళే వైరును ఒక్క వైపు మాత్రమే గుచ్చి, పని అయిపోయిందనుకొనేవాళ్ళం. రెండో వైపు వాయిద్యాలు కావలిలో ఏ వార్షికోత్సవంలోనూ మోగలేదు. మీకు ఇప్పుడు కొత్తగా వినిపిస్తున్న వాయిద్యాలు బహుశా అవే. ఆ సినిమా పాటలను నేను మొట్టమొదటిసారి చెవులకు పెట్టుకొనే హెడ్‌ఫోన్లలో విన్నది షాపు మూసేసిన తరువాతనే. పదేళ్ళు అమ్మిన సరుకు లోపల ఏముందో ఆ రోజు తెలిసింది.

మూడోది కోత. సినిమా పాట నాలుగున్నర, అయిదు నిమిషాలు ఉంటుంది. బడి కార్యక్రమంలో ఇరవై అయిదు డాన్సులు, వాటి నడుమ బహుమతులు, ముఖ్య అతిథుల ఉపన్యాసాలు ఉంటాయి కనుక మూడు, మూడున్నర నిమిషాలకు మించి ఒక్కరికీ ఇచ్చేవారు కాదు. డాన్సు నేర్పే టీచరమ్మలు నా షాపుకు వచ్చి, స్టూలు మీద కూర్చొని, దగ్గరుండి కత్తిరింపు చేయించుకొనేవారు. ఒకావిడ మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి: “అబ్బయ్యా, ఆ రెండో చరణం తీసెయ్. మాటలు బాగలేవు, పైగా ఆడ ఏం చెయ్యాల్నో నాకూ తోచలా.” కత్తిరింపు అంటే టేపును కోయడం కాదు; మూల క్యాసెట్టు తిరుగుతూ ఉండగా ఎక్కించే డెక్కు పాజ్ బటను నొక్కి పెట్టి, వద్దన్న భాగం దాటగానే వదలడం. వేలు ఎంత నేర్పుగా వదిలినా అతుకు దగ్గర చిన్న ‘టక్కు’ మిగిలేది. ఆ టక్కును నేను పనితనంలో లోపం అనుకొనేవాణ్ణి. ఒకసారి రిహార్సలుకు వైరు సరిచేయడానికి వెళ్ళినప్పుడు చూశాను, పిల్లలు ఆ టక్కు వినగానే వరుస మార్చుకుంటున్నారు. టీచరమ్మ దాన్నే గుర్తుగా పెట్టి నేర్పించింది. మీ పాదాలు ఈ రోజుకీ ఒక చోట ఆ టక్కు కోసం కాచుకొని ఉంటాయి. ఫోనులో అక్కడ రెండో చరణం మొదలవుతుంది.

ఆ సందర్భంలోనే ఒక మాట. మన వైపు ‘రికార్డు డాన్సు’ అన్న మాటకు తిరునాళ్ళలో అర్ధరాత్రి జరిగే ఆటల వల్ల చెడ్డపేరు వచ్చింది. అందుచేత ఒక బడి పెద్దాయన కార్యక్రమ పత్రంలో ఆ మాట కొట్టివేయించి ‘బాలికల నృత్య ప్రదర్శన’ అని రాయించారు. ఆడింది మాత్రం ప్రభుదేవా అడుగులే.

ఇక భాష. నెల్లూరు జిల్లాలో ఉన్నవాళ్ళు ఈ సంగతిని తప్పక ఆలోచించాలి. ఖాళీ క్యాసెట్ల కోసం, డెక్కు సామాన్ల కోసం మేము మద్రాసు బర్మా బజారుకు, రిచీ వీధికి పోయి వచ్చేవాళ్ళం. వచ్చేటప్పుడు అక్కడ కొత్తగా విడుదలైన తమిళ పాటల క్యాసెట్లు కూడా సంచిలో పడేవి. ‘ప్రేమికుడు’ తమిళంలో ‘కాదలన్’. ఆ పాట పల్లవి ఎత్తుగడ రెండు భాషల్లోనూ ఒకటే అయినందువల్ల, షాపువాడు ఏ భాష క్యాసెట్టు నుంచి ఎక్కించాడో ఆడే పిల్లలు పట్టించుకోలేదు. మీరు ఫోనులో తెలుగు పాట విని, చరణంలో మాటలు మారాయని అనుకుంటున్నట్టయితే ఒకసారి తమిళ పాట కూడా విని చూడండి. మీ సందేహంలో కొంత భాగం అక్కడే తీరిపోవచ్చు.

రెండో పాట పేరు మీకు తెలియదన్నారు గానీ, మీరు వర్ణించిన అడుగులను బట్టి అది ఏదో నాకు సందేహం లేదు. చేతులు ఒక్కొక్కటిగా ముందుకు చాచి, అరచేతులు పైకి తిప్పి, భుజాల మీద, తల వెనక, నడుము మీద వరుసగా పెట్టి, చివర చిన్న గంతుతో పక్కకు తిరిగే ఆ ఆట ‘మకరీనా’. లోస్ దెల్ రియో అనే స్పెయిన్ దేశపు ఇద్దరు గాయకుల పాట అది. మొదట 1993లో వచ్చింది, తరువాత ఇంగ్లీషు చరణాలు కలిపిన రూపం 1996లో అమెరికా పాటల పట్టికలో పద్నాలుగు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. కేబులు టీవీ పుణ్యమా అని ఆ ఏడాదే మన ఊళ్ళకూ వచ్చింది. పిల్లలు దాన్ని ‘ఏయ్, మా కర్రేనా!’ అని పాడడం నేను చెవులారా విన్నాను. బడులకు ఆ పాట ఎందుకు నచ్చిందంటే నిలబడిన చోట నుంచి కదలకుండా నలభై మంది ఒకేసారి ఆడవచ్చు, డ్రస్సుల ఖర్చు లేదు, వారంలో నేర్పవచ్చు. ప్రియుడు సైన్యంలో చేరే వేళకు అతని స్నేహితులతో తిరిగిన ఒక అమ్మాయి కథ అది. అర్థం తెలిసి ఉంటే జిల్లాలో ఏ టీచరమ్మా దాన్ని ముఖ్య అతిథి ముందు ఆడించేది కాదు.

ఇంతవరకు చెప్పినది చెవికి సంబంధించినది. కన్నీళ్ళ సంగతి దీనికంటే కష్టమైనది. దాంట్లో నేను పుస్తకాల నుంచి తెలుసుకున్నది కొంత, దుకాణంలో కూర్చొని చూసినది కొంత.

పెద్ద వయసు వారిని పిలిచి జీవితంలో జరిగినవి చెప్పమంటే పది ఏళ్ళకూ ముప్పై ఏళ్ళకూ మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారని మనస్తత్వ శాస్త్రంలో చాలాకాలం నుంచి తెలుసు. పాటల విషయంలో 2013లో అమెరికాలో కరోల్ క్రుమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో సంగతి చూపించారు: ఇరవై ఏళ్ళ యువతీయువకులకు తమ కాలపు పాటలతో పాటు, తమ తల్లిదండ్రులు ఆ వయసులో ఉన్నప్పుడు వచ్చిన పాటల మీద కూడా ప్రత్యేకమైన మమకారం కనిపించింది. ఇళ్ళలో అవి మోగుతుండగా పెరగడమే అందుకు కారణమని వారి ఊహ. మీ పిల్లలను కూడా సమ్మేళనానికి తీసుకురమ్మని నేను చెప్పేది అందుకే. వారు విసుక్కుంటారని మీరు భయపడుతున్నంతగా విసుక్కోరు.

అయితే వయసు ఒక్కటే కారణమని నేను ఒప్పుకోను. పన్నెండో ఏట మీరు కొన్ని వందల పాటలు విని ఉంటారు, వాటిలో చాలావాటికి మీ కళ్ళు చెమర్చవు. ఈ పాటకే ఎందుకన్నది అసలు ప్రశ్న, దానికి నాకు దొరికిన సమాధానం మీరు దాన్ని మధ్యలో వినలేదన్నదే. 2020 సెప్టెంబరు 25న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు పోయారు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని అదే ఏడాది ఫిబ్రవరిలో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించిన మనిషి. మా జిల్లా వారికి ఆయన ఇంటి మనిషి లెక్క. ఆ వారంలో నా పాత ఖాతాదారులు చాలా మంది ఫోను చేశారు. టీవీలో పగలూ రాత్రీ మోగుతున్న గొప్ప పాటల గురించి వారిలో ఒక్కరూ మాట్లాడలేదు. ఒకాయన తాను అయిదో తరగతిలో ఆడిన, సినిమా కూడా ఆడని ఒక మామూలు పాట కావాలన్నారు. పాట పేరు చెబుతూనే ఆయన గొంతు పట్టేసింది. గొప్ప పాటలు జీవితమంతా మన వెంట నడుస్తాయి. పెళ్ళిలో, బస్సులో, హోటల్లో విన్న ప్రతిసారీ వాటి మీద కొత్త సంగతి ఒకటి అంటుకుంటుంది. సినిమా హాలు గోడ మీద పోస్టరు మీద పోస్టరు అంటించినట్టు, అడుగున ఉన్నది చివరికి కనిపించకుండా పోతుంది. మీ పాట మీద ఒక్కటే పోస్టరు ఉంది. వార్షికోత్సవం తరువాత మీరు దాన్ని మళ్ళీ వెతుక్కొని వినలేదని మీరే రాశారు కదా, ఆ ఇరవై ఏళ్ళకు పైబడిన మౌనమే దానికి ఇంత బలం ఇచ్చింది.

పైగా మీరు దాన్ని వినలేదు, ఆడారు. నెల రోజుల రిహార్సలులో రోజుకు పదిసార్లు వేసినా మూడు వందల సార్లు అవుతుంది. సైకిలు తొక్కడం మరచిపోనట్టే శరీరం నేర్చుకున్నది మాటలతో పనిలేకుండా నిలిచిపోతుంది. పాట మొదలవగానే మీ భుజం ముందు కదిలి, ఆ కదలిక వెంట పక్కన నిలబడిన స్నేహితురాలూ, గుచ్చుకొనే చమ్కీ జాకెట్టూ, పౌడరూ చెమటా కలిసిన వాసనా వస్తాయి. వీటిలో ఏదీ పాట కట్టినవారు పెట్టినది కాదు. ఇంటి బెంగకు పాశ్చాత్య వైద్యంలో మొదటిసారి పేరు పెట్టింది 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విస్ యువకుడు, అదీ ఒక జబ్బుగానే. పరాయి దేశాల్లో కొలువు చేసే స్విస్ సిపాయిలు తమ పశువుల కాపరుల పాట వింటే ఏడ్చి, కొలువు వదిలి పారిపోయేవారనీ, అందుకని ఆ పాటను నిషేధించారనీ పద్దెనిమిదో శతాబ్దపు తత్వవేత్త రూసో తన సంగీత నిఘంటువులో రాశాడు. ఆ స్వరాలలో అంత శక్తి ఏమీ లేదనీ, పరాయివారికి అవి మామూలు స్వరాలేననీ, అక్కడ సంగీతం సంగీతంగా కాక గుర్తు చేసే చిహ్నంగా పని చేస్తున్నదనీ ఆయన వివరించాడు. మకరీనా పాటకు కావలిలో కన్నీళ్ళు రావడం గురించి ఇంతకంటే సరైన మాట నాకు కనబడలేదు.

ఇంకొకటి మీరు అడగకపోయినా చెబుతున్నాను, తప్పయితే మన్నించండి. మైకుసెట్టు వాడు స్టేజీ పక్కన తెర చాటున కూర్చుంటాడు. ఏళ్ళ తరబడి అదే చోట కూర్చున్నందువల్ల నేను ఒక సంగతి గమనించాను. మగపిల్లలు పదో తరగతిలోనూ, తరువాత కాలేజీలోనూ ఆడుతూనే ఉండేవారు. ఆడపిల్లలు ఏడో తరగతి దాకా ఎగిరి ఆడినవారు, మరుసటి ఏడు స్టేజీ మీదికి ప్రార్థన గీతానికో, బహుమతుల పళ్ళెం పట్టుకోవడానికో మాత్రమే వచ్చేవారు. ఇంట్లో వద్దన్నారని ఎవరూ పైకి అనేవారు కాదు. ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలు, పై చదువు అని ఏదో చెప్పేవారు. మీరు మళ్ళీ స్టేజీ ఎక్కలేదని రాసిన ఒక్క వాక్యం దగ్గర నేను కాసేపు ఆగాను. వెనక వరుసలో చివరన నిలబడినదైనా సరే, అది మీ ఆఖరి డాన్సు. దానికి ఏడుపు రావడాన్ని వింతగా చూడవలసిన పని లేదు.

ఇప్పుడు చేయవలసిన పని. అసలు క్యాసెట్టు దొరికే దారి ఉందేమో ముందు చూడండి. అది బడిలో ఉండదు, డాన్సు నేర్పిన టీచరమ్మ ఇంట్లో ఉంటుంది. మా దగ్గర డబ్బు కట్టి చేయించుకున్నది వారే కనుక వారే దాచుకొనేవారు. ఆ ఏడు కార్యక్రమాన్ని పెళ్ళి వీడియోలు తీసేవారితో తీయించి ఉంటే ఆ వీడియో క్యాసెట్టు ఇంకా మేలు. దాంట్లో పాటతో పాటు బాకా మోతా, జనం ఈలలూ కూడా ఉంటాయి.

క్యాసెట్టు దొరికితే వెంటనే టేప్‌రికార్డరులో వేయకండి. సముద్రపు గాలి తగిలే మన ఊళ్ళలో టేపు అంచుల మీద తెల్లటి బూజు పడుతుంది, అది టేపును చదివే హెడ్డును పాడు చేసి టేపును నలిపేస్తుంది. బూజు కనిపిస్తే తెలిసినవారికి ఇవ్వండి. శుభ్రంగా ఉంటే పెన్సిలు పెట్టి నాలుగు చుట్లు తిప్పి, చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతున్నాయో లేదో చూసి, ఒకసారి ఆ చివరి దాకా, మళ్ళీ ఈ చివరి దాకా చుట్టి, అప్పుడు వినండి. వెనక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచి లేకపోతే ముందు వాటిని విరవండి, లేదంటే పొరపాటున రికార్డు బటను మీద వేలు పడితే ఉన్నదీ పోతుంది. పాట మొదలవడానికి కొద్ది సెకన్ల ముందు అదే పాట సన్నగా, దూరం నుంచి వస్తున్నట్టు వినిపిస్తే భయపడకండి. ఏళ్ళ తరబడి చుట్టి ఉంచిన టేపులో ఒక పొర మీది అయస్కాంత ముద్ర పక్క పొరకు అంటుకోవడం వల్ల అట్లా జరుగుతుంది. పల్చటి టేపు వాడే సి-90లో (తొంభై నిమిషాల క్యాసెట్టు) ఇది ఎక్కువ, సి-60లో (అరవై నిమిషాలది) తక్కువ. టేప్‌రికార్డరు లైన్ అవుట్ (ధ్వని బయటికి వచ్చే రంధ్రం) నుంచి కంప్యూటరులోకి వైరు పెట్టి ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో ఎక్కించుకోండి. తరువాత ‘బుస్సు’ మనే శబ్దాన్ని తీసేయాలని, వేగం సరిచేయాలని ఎవరైనా ఉత్సాహపడితే వారిని ఆపండి. మీకు కావలసిన పాటలో అవీ భాగమే.

క్యాసెట్టు దొరకకపోయినా దిగులు పడనవసరం లేదు, దాన్ని మళ్ళీ తయారు చేసుకోవచ్చు. ఆనాడు ఆడిన వారిలో ముగ్గురిని ఒక చోట నిలబెట్టి ఫోనులో అసలు పాట వేయండి, ఆలోచించవద్దని చెప్పండి. ఒకరు మరచిన అడుగు మరొకరి కాలికి గుర్తుంటుంది. ముగ్గురూ ఒక్కసారిగా ఎక్కడ తడబడతారో అక్కడ ఆనాటి కోత ఉంది. తరువాతి అడుగు పాటలో ఏ భాగానికి సరిపోతుందో వెతికి అక్కడ అతకండి. వేగాన్ని మూడు పాళ్ళు, నాలుగు పాళ్ళు, అయిదు పాళ్ళు పెంచి మూడు రకాలుగా చేసి వినిపిస్తే ఏది తమదో వారే చెబుతారు. అయితే శ్రుతి మారకుండా వేగం మాత్రమే పెంచే సదుపాయం వాడితే ఫలితం ఉండదు. శ్రుతీ వేగమూ కలిసి మారాలి, ఎందుకంటే టేపు చేసిన పని అదే. ఒక వైపు ధ్వనిని మాత్రమే ఉంచి రెండో దాన్ని తీసేయండి, ఏ వైపన్నది విని తేల్చుకోండి. మూడు వందల హెర్ట్జ్‌ల కింద ఉన్నదంతా తగ్గించండి. ఈ కాలం డి.జె. పెట్టెల్లో కింది ధ్వని పొట్ట అదిరేలా వస్తుంది, దాన్ని అట్లాగే వదిలితే మీ పాట మళ్ళీ పరాయిదవుతుంది. అతుకు దగ్గర ఒక టక్కు కూడా పెట్టమంటాను, నవ్వుకున్నా ఫరవాలేదు.

సమ్మేళనం రోజున దాన్ని భోజనాలకు ముందు, అందరూ ఒకరినొకరు గుర్తుపట్టే గోలలో వేయకండి. సాయంత్రం, మిగిలినవారు కుర్చీల్లో స్థిరపడ్డాక వేయండి, ఒక్కసారే వేయండి. అందరి ఫోన్లలోకీ పంపమని అడుగుతారు. ఆ విషయంలో మాత్రం నేను మొండివాణ్ణి, వద్దంటాను. నెల తిరిగేసరికి అది కూరగాయలు తరిగేటప్పుడు వినే పాట అయిపోతుంది, దాని మీద రెండో పోస్టరు పడుతుంది.

టీచరమ్మ గారి ఇంట్లో క్యాసెట్టు దొరికితే, పెట్టె లోపలి అట్ట మీద చూడండి. నేను ఊదా రంగు సిరాతో, పాటల పేర్ల కింద రెండు గీతలు గీసి, పక్కన ‘చరణం 2 లేదు’ అని రాసేవాణ్ణి. అట్లా కనిపిస్తే తీసుకురండి. డెక్కుకు పోయిన నెలే కొత్త బెల్టు వేయించాను. అయితే ఆ క్యాసెట్టు కోసం పాతదే మళ్ళీ తగిలిస్తే మేలేమో ఆలోచిస్తున్నాను.